కన్ను కొట్టే కారు

బాపు దుకాణం ముందు భాగం రోడ్డు వెడల్పులో పోతోందని, సామాను ఏమైనా ఉంటే వచ్చి తీసుకుపొమ్మని యూసుఫ్ చిచ్చా కబురు పంపాడు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలవడం మా వైపు అలవాటు. అప్పటికి బాపు పోయి ఆరు నెలలు. అవ్వ నా దగ్గరే నిర్మల్‌లో ఉంటోంది. నేను పాఠాలు చెప్పే బడికి రెండు రోజులు సెలవు పెట్టి, ఇద్దరం పొద్దున్నే బస్సెక్కాం. దారి పొడవునా అవ్వ ఒక ఇత్తడి బిందె గురించే మాట్లాడింది. దుకాణం వెనక ఇంట్లో అటక మీద మరిచిపోయి వచ్చిందట, ఈపాటికి ఎవరో ఎత్తుకుపోయే ఉంటారట. నేను వింటున్నట్టు తల ఊపుతూ బయటికి చూస్తూ కూర్చున్నాను. కొండగట్టు దగ్గర బస్సు ఆగింది. డ్రైవరు దిగి, గుట్ట మీది గుడి వైపు తిరిగి దండం పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ ఎక్కాడు. బాపు బాగుచేసిన లారీలు, జీపులు ముందుగా ఇక్కడికే వచ్చేవి. డ్రైవర్లు తిరిగి వెళ్తూ దుకాణం దగ్గర ఆగి ఒక కొబ్బరి చిప్ప ఇచ్చిపోయేవాళ్లు. మా ఇంట్లో కొబ్బరి పచ్చడి లేని వారం ఉండేది కాదు. ఒక్క బండి మాత్రం కొండగట్టుకు పోలేదు, చిప్పా రాలేదు. ఆ బండి గురించి పదకొండేళ్లుగా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే దాన్ని, ఆ డైరీకి కూడా చెప్పలేదు.

కరీంనగర్‌లో మాది అద్దె ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. బాపు మోటారు బండ్ల సెల్ఫులు, డైనమోలు బాగుచేసేవాడు. కాలిపోయిన రాగి తీగ విప్పి, కొత్త తీగ చుట్టి, వార్నీషులో ముంచి, బొగ్గుల కుంపటి మీద ఆరబెట్టేవాడు. ఆ వార్నీషు వాసన మా బట్టలకు, బియ్యానికి, నా పుస్తకాలకు కూడా పట్టేది. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి నా నోట్సు తెరవగానే ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. ఊళ్లో అందరూ ఆయన్ని డైనమో రాజయ్య అనేవాళ్లు. స్క్రూడ్రైవర్ మొనను మోటారు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి, “బుష్ అరిగింది” అనో, “బొగ్గు పట్టింది” అనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. చేతులు రంపపు పొట్టుతో, సబ్బుతో తోముకుని గానీ అన్నానికి కూర్చునేవాడు కాదు. అంత తోమినా తీగ చుట్టే రెండు వేళ్ల కొసలు నల్లగానే ఉండేవి.

ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివేది బాపే. రోజూ పొద్దున ఉర్దూ పేపరు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, మధ్యమధ్య అవ్వకు వినబడేలా గట్టిగా చదివేవాడు. నిజాం కాలంలో బడికి పోయినవాడు కాబట్టి ఆయనకు వచ్చిన అక్షరాలు అవే. తెలుగులో ఒక్క అక్షరం చదవడం రాదు. ఆయనకు తెలుగులో ఉత్తరమో, నోటీసో వస్తే యూసుఫ్ చిచ్చా చదివి చెప్పేవాడు. చిచ్చా బాపు కంటే పన్నెండేళ్లు చిన్న, దుకాణంలో సగం భాగస్వామి. చిచ్చా బడికి పోయే నాటికి కాలం మారింది. “ఇగ తెలుగే నడుస్తది” అని వాళ్ల నాన్న తెలుగు బడిలో వేశాడు. అట్లా మా దుకాణంలో రాజయ్య ఉర్దూ పేపరు చదివేవాడు, యూసుఫ్ తెలుగు పేపరు చదివేవాడు. ఇద్దరూ ఒకే వార్త మీద వాదించుకునేవాళ్లు. “నీ పేపరు అబద్ధం రాసింది భాయ్” అనేవాడు చిచ్చా. “నీ పేపరుకు అసలు రాసుడే రాదు” అనేవాడు బాపు. ఇందులో విచిత్రం ఉందని మాకెప్పుడూ తోచలేదు.

చిన్నప్పుడు నేనూ దుకాణంలోనే ఉండేదాన్ని. రెండు వైర్లకు కట్టిన టెస్టు బుగ్గ పట్టుకుని, వెలిగితే వెలిగిందని, లేకపోతే లేదని చెప్పడం నా పని. పెద్దమనిషినయ్యాక అవ్వ దుకాణంలోకి పోవద్దంది. లారీ డ్రైవర్లు, క్లీనర్లు కూర్చునే చోటు, నిజమే. వంటింటికీ దుకాణానికీ నడుమ గోడలో జానెడు వెడల్పు కిటికీ ఉండేది, దానికి ఒక చెక్క తలుపు. అక్కడి నుంచి నాకు దుకాణంతో సంబంధమంతా ఆ కిటికీ గుండానే. చాయ్ గ్లాసులు అటు పోయేవి, ఖాళీ గ్లాసులు ఇటు వచ్చేవి. నేను వంటింట్లో పీట మీద కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదువుతూ అవతలి మాటలన్నీ వినేదాన్ని. ఎవరైనా కిటికీలోంచి నన్ను పలకరిస్తే మాత్రం గొంతు పెగిలేది కాదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యి ఎత్తేదాన్ని తప్ప పలికేదాన్ని కాదు. చెప్పాల్సినవన్నీ రాసుకునేదాన్ని. రాస్తే చెప్పినట్టే అనుకునేదాన్ని.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఆ కారు వచ్చింది. ఊరికి ఆనుకుని ఉన్న పల్లెలో భూములూ, ఊళ్లో రైసుమిల్లూ ఉన్న ఒక పటేలు దాన్ని బొంబాయిలో కొన్నాడు. దుబాయి నుంచి వచ్చినవాడెవడో తెచ్చుకుని అమ్ముకున్న జపాన్ కారు. ముదురు నీలం రంగు, రెండే తలుపులు, స్టీరింగు ఎడమ పక్కన. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, మా దుకాణం ముందు మురుగు మోరీ మీది బండ దాటించడానికి నలుగురు పట్టి లేపారు. దానికి ముందు దీపాలు కనబడవు. మూతి నున్నగా, రెప్పలు మూసుకున్నట్టు ఉంటుంది. మీట నొక్కితే మాత్రం రెండు మూతలు పైకి లేచి, వాటి కింద నుంచి దీపాలు బయటికి వస్తాయి, నీళ్లలోంచి కప్ప తల ఎత్తినట్టు. ఆర్పితే మళ్లీ లోపలికి పోతాయి. మా దగ్గరికి వచ్చేసరికి కుడి పక్కది మాత్రమే లేస్తోంది. ఎడమది ఒకసారి సగం లేచి ఆగుతుంది, ఒకసారి అసలు లేవదు, ఒకసారి దానంతటదే లేచి దిగుతుంది.

మొదటి రోజే దుకాణం ముందు పది ఇరవై మంది చేరారు.

“రాజన్నా, కారు నీకే కన్ను కొడుతున్నది. వదినెకు చెప్పాల్నా?”

“చెప్పురా. నాకు గిప్పుడైనా ఒక్కలు కన్ను కొట్టిండ్రని సంబురపడ్తది” అన్నాడు బాపు. కిటికీ ఇవతల అవ్వ మూతి తిప్పింది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది.

పటేలుకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు రోజుల్లో ఆయన బిడ్డ పెండ్లి. ఎదుర్కోళ్లప్పుడు పెండ్లికొడుకును విడిది నుంచి ఈ కారులోనే తీసుకురావాలని ఆయన పట్టుదల. “రాజయ్యా, అటు మొగపెండ్లోళ్లంత నిలబడి చూస్తరు. పిలగాన్ని కూసోబెట్టుకోని కారు పోతాంటె గిట్ల కన్ను కొడితె నా ఇజ్జతేం గావాలె? హైదరాబాద్ తోలుదామంటె టైం లేదాయె. నీతోని అయితదా, కాదా, ఇప్పుడే చెప్పు.”

“అయితది పటేలా. ఫికర్ చెయ్యకుండ్రి” అన్నాడు బాపు. అటువంటి మోటారు ఆయన అంతకుముందు చూడలేదు. కాదని చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

కారు అరలో ఒక పుస్తకం దొరికింది. ఇంగ్లీషు, అరబ్బీ రెండూ ఉన్న పుస్తకం. బాపు అరబ్బీ పేజీలు కాసేపు తిప్పాడు. లిపి దగ్గరగా ఉన్నా భాష అందలేదు. ఆ మధ్యాహ్నం కిటికీ తలుపు తీసి, రంపపు పొట్టు అంటిన చేత్తో ఆ పుస్తకం నాకు అందించాడు.

“బిడ్డా, నువ్వు ఇంగిలీషు చదువుతవు గదా. గీ దీపాల ముచ్చట ఏడున్నదో చూసి జర నాకు చెప్పు.”

ఇంటర్‌లో నాకు ఇంగ్లీషులో మంచి మార్కులే వచ్చేవి. అయినా నా చదువు ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందని అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను. నిఘంటువు, కొత్త పెన్సిలు, ఒక తెల్ల కాగితాల నోట్‌బుక్కు ముందు పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. దీపాల సంగతి ఎక్కడుందో ముందు పేజీల్లోని పట్టిక చూస్తే దొరికేది. నేను పట్టిక చూడలేదు. పుస్తకం అంటే మొదటి పేజీ నుంచి చదవాలని నా పద్ధతి. సీటు వెనక్కి ఎట్లా వాల్చాలి, చల్లగాలి ఎట్లా వస్తుంది, క్యాసెట్టు ఏ పక్క పెట్టాలి, మంచు పడే దేశంలో పొద్దున్నే బండి ఎట్లా కదిలించాలి, అన్నీ తెలుగులో రాసుకుంటూ పోయాను. మంచు పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మోటారుతో సంబంధమే లేని చక్కటి ఒక మాట అక్కడ ఉంది, దానికి తెలుగు దొరక్క గంట గడిచింది. సాయంత్రం భోజనాల దగ్గర బాపు అడిగాడు.

“దొరికిందా బిడ్డా?”

“దీపాల మోటరు మీద రబ్బరు టోపీ ఉంటదట బాపూ. అది తీస్తే చిన్న చక్రం ఉంటదట. మోటరు పనిచెయ్యకపోతే దాన్ని చేత్తో తిప్పి దీపాలు లేపొచ్చట” అన్నాను. ఆ బొమ్మ ఒక్కటి పేజీలు తిప్పుతుంటే కంటబడింది. బొమ్మ కింద ఉన్నది చదవలేదు.

బాపు ముఖం వెలిగింది. “సూసినవా” అన్నాడు అవ్వతో, “పొల్ల చదివిందంటె గిట్లుంటది.” జొన్నరొట్టె ముక్క తుంచి, ఉల్లిగడ్డ కారం అద్ది నా పళ్లెంలో పెట్టాడు. అది ఆయన మెచ్చుకునే తీరు.

మరుసటి రోజు పొద్దున పదిగంటలప్పుడు నేను ఆ పేజీకి వచ్చాను. బొమ్మ కింద నల్లగీతల చట్రంలో నాలుగు వరుసలు ఉన్నాయి. చక్రాన్ని తిప్పేముందు ఈ దీపాల ఫ్యూజు తప్పకుండా తీసేయాలి, మీట ఆర్పినా మోటారు దగ్గర కరెంటు ఉంటుంది, తిప్పుతుండగా మోటారు దానంతటదే తిరిగి చేతికి గాయం చేయవచ్చు. నాకు కారణం కూడా అర్థమైంది. దీపం ఆర్పిన తర్వాత రెప్ప దించాల్సింది కూడా ఆ మోటారే కదా. అందుకని దానికి కరెంటు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మా ఊరి లారీల్లో, జీపుల్లో అటువంటి ఏర్పాటు లేదు. మీట ఆర్పితే కరెంటు పోయినట్టేనని బాపు ముప్పై ఏళ్లుగా నమ్మి పనిచేస్తున్నాడు.

కిటికీ తలుపు ఓరగా తెరిచి చూశాను. దుకాణం నిండా మనుషులు. పటేలు కుర్చీలో కూర్చున్నాడు, ఆయన బావమరుదులు ఇద్దరు వెనక నిలబడ్డారు. బాపు కారు మూత ఎత్తి, లోపలికి వంగి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వింటున్నాడు. సప్పుడు వినాలి కాబట్టి బ్యాటరీ వైరు తీయలేదు. కిటికీకి, ఆయనకు మధ్య దూరం ఆరేడు అడుగులు. “బాపూ, ఫ్యూజు తీ” అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. నా గొంతు విని అందరూ ఇటు తిరుగుతారు, ఎవరీ పిల్ల అని పటేలు అడుగుతాడు, మొగవాళ్ల పనిలో మాటేందని అవ్వ తర్వాత కోప్పడుతుంది, అని కూడా అనుకున్నాను. తలుపు మూసి, నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపాను.

అక్కడితో ఆగినా బాగుండేది. రాస్తూ ఒక మాట కొట్టేయాల్సి వచ్చింది. కొట్టివేత అసహ్యంగా కనబడి, ఆ కాగితం నలిపేసి ఇంకోటి తీసుకున్నాను. పరీక్షలో రాసినట్టు గుండ్రటి అక్షరాలతో, పుస్తకాల్లో రాసినట్టు రాశాను: “ఫ్యూజు తీసిన తరువాతనే చక్రము త్రిప్పవలెను. లేనియెడల మోటారు తనంతట తానే తిరిగి చేతికి ప్రమాదము.” నాన్న చెయ్యి ప్రమాదంలో ఉన్నప్పుడు “లేనియెడల” అన్న మాట వెతుక్కున్న కూతురిని నేను.

అవ్వ అప్పుడే అల్లం దంచి చాయ్ వడపోస్తోంది. చిట్టీని బాపు గ్లాసు కింద సాసర్‌లో పెట్టి, “ఇది బాపుకియ్యి, అర్జంటు” అన్నాను. అవ్వ కిటికీ తెరిచి సాసర్ అందించింది. “ఇగో, పొల్ల చిట్టీ ఇచ్చింది, సూడు.” నేను మళ్లీ పీట మీద కూర్చున్నాను. చిచ్చా పక్కనే ఉంటాడు, చదివి చెప్తాడు అనుకున్నాను. ఎప్పుడూ అట్లాగే జరిగేది. చిచ్చా గంట కింద మోటార్లలో వేసే బ్రష్షు ముక్కల కోసం బజారుకు పోయాడని నాకు తెలియదు. బాపుకు తెలుగు చదవడం రాదని నాకు తెలియదా? తెలుసు. తెలిసిన విషయం ఆ నిమిషంలో మెదడులోకి రాలేదు. నా చేతి రాతను బాపు చదవలేడన్నది నాకెన్నడూ ఒక లోటుగా తోచలేదు కదా, అందుకేనేమో.

కిటికీ సందులోంచి చూశాను. బాపు చిట్టీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పటేలు బావమరిది అడిగాడు, “ఏం రాసింది రాజన్నా నీ బిడ్డ?”

బాపు చుట్టూ చూశాడు. చిచ్చా లేడు. జేబులోంచి కళ్లద్దాలు తీయబోయి ఆగిపోయాడు. “ఆఁ, ఎర్కే. అంగడి సామాను చిట్టీ” అన్నాడు. చిట్టీ మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. చాయ్ రెండు గుక్కల్లో తాగేశాడు.

అప్పుడైనా అరవొచ్చు. అరవలేదు. చదివాడేమో, ఎవరికీ తెలియకూడదని అట్లా అన్నాడేమో అని నాకు నేను చెప్పుకున్నాను.

బాపు మళ్లీ వంగాడు. ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ, కుడి చేతి వేళ్లను కింద కడ్డీ మీద పెట్టి అది ఎక్కడ పట్టేస్తోందో తడుముతున్నాడు. తీగ చుట్టే వేళ్లు, ఆయనకు కళ్ల కంటే ఆ వేళ్లే ఎక్కువ. చక్రం సగం తిరిగింది. లోపల ఎక్కడో అప్పటిదాకా అంటుకోని ముల్లు అంటుకుని కరెంటు పారింది. గుయ్యిమని ఒక్క సప్పుడు. దీపం ఠక్కున లేచింది. కారు కన్ను తెరిచిందని వెనకవాళ్లు ఎవరో చప్పట్లు కొట్టారు. బాపు అరవలేదు. చాలా మెల్లగా, ఎవరినో పక్క గదిలోంచి పిలిచినట్టు, “యూసుఫ్” అన్నాడు. అప్పుడే సైకిలు దిగుతున్న చిచ్చా చేతిలో సంచి పారేసి, ఉరికి, బ్యాటరీ వైరు పీకి, కడ్డీని వెనక్కి తిప్పాడు. చూపుడు వేలు, నడిమి వేలు. దవాఖానలో ఒకటి రెండో కణుపు దాకా, ఇంకోటి మొదటి కణుపు దాకా తీసేశారు.

కారు సంగతి చిచ్చా ఆ సాయంత్రమే తేల్చేశాడు. ఫ్యూజు తీశాడు, రెండు చక్రాలూ చేత్తో తిప్పి రెండు దీపాలూ లేపి వదిలేశాడు. రెండు కళ్లూ తెరుచుకుని కారు పెండ్లికొడుకును మోసింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. పుస్తకంలో ఆ చట్రం కింద మరో వరుసలో ఉన్నదీ అదే: మరమ్మతు అయ్యేదాకా దీపాలు ఎత్తి ఉంచి నడపవచ్చు. పది నిమిషాల పని.

బాపు ఇంటికి వచ్చాక చూడవచ్చిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట. “ఎవ్వల తప్పు లేదు. నాదే తొందర.” ఆ మాట చెప్పేటప్పుడు నేను వంటింట్లో ఉన్నానో లేదో ఒకసారి చూసేవాడని నాకు అనిపించేది. రక్తపు మరకలైన అంగీని అవ్వ ఉతికిందో, పారేసిందో అడగలేదు. చిట్టీ నీళ్లలో కరిగిపోయి ఉంటుందనుకున్నాను. కరిగిపోతే బాగుండునని కోరుకున్నాను కూడా. ఆ రోజు డైరీలో, “బాపు చేతికి దెబ్బ తగిలింది. చాయ్‌లో అల్లం ఎక్కువైంది” అని రాసుకున్నాను. డైరీని కూడా మోసం చేయొచ్చని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత బాపు తీగ చుట్టలేదు. సన్న తీగ మిగిలిన వేళ్లకు నిలిచేది కాదు. చుట్టే పని చిచ్చాకు పోయింది, బాపు చెవితో వినడం, టెస్టు బుగ్గ పట్టుకోవడం మిగిలాయి. నేను పదేళ్లప్పుడు చేసిన పని. అన్నం ఎడమ చేత్తో తినడం తప్పని, చెంచాతో తినడం నేర్చుకున్నాడు. రొట్టె ముక్క తుంచి నా పళ్లెంలో పెట్టడం మాత్రం ఆగిపోయింది. మెచ్చుకోవడం ఆగిందా, తుంచడం చేతకాక ఆగిందా అని నేను ఎన్ని భోజనాల దగ్గర ఆలోచించానో చెప్పలేను. చాలాసార్లు చెబుదామనుకున్నాను. డిగ్రీ పరీక్ష పాసైన రోజు, ఉద్యోగం వచ్చిన రోజు, ఆయన ఆఖరి జ్వరంలో తడిగుడ్డ వేస్తున్న రోజు. “బాపూ, ఆ చిట్టీల ఏమున్నదో ఎర్కేనా” అన్న మాట ప్రతిసారీ గొంతు దాకా వచ్చి ఆగింది. నేను పాఠాలు చెప్పే గదిలో ఇప్పుడు నా గొంతు చివరి బెంచీ దాకా వినబడుతుంది. బాపు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆ పీట మీద పిల్లనే అయ్యేదాన్ని.

మేం బస్సు దిగి దుకాణం చేరేసరికి చిచ్చా సగం సామాను బయట పెట్టేశాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. అవ్వ బిందె వెతకడానికి నేరుగా వెనక్కి పోయింది. చిచ్చా బ్రష్షులు, ఫ్యూజులు వేసుకునే పాత రేకు డబ్బా ఒకటి నా చేతికిచ్చాడు. “ఇది భాయ్‌ది. నేను తెర్వలే. నువ్వే తీస్కపో బేటా.”

మూత తీశాను. పైన ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం. విప్పకుండానే గుర్తుపట్టాను. మడత మీద గోధుమ రంగు మరక. కింద పిల్లలు రాసుకునే రెండు గీతల కాపీ.

నేను గుర్తుపట్టడం చూసి చిచ్చా పక్కనున్న పాత బ్యాటరీ మీద కూర్చున్నాడు. “దవాఖానల ఉన్నప్పుడే నాతోని చదివిపిచ్చుకున్నడు. రెండు సార్లు చదివిపిచ్చుకున్నడు. ‘పొల్లకు చెప్పకురా యూసుఫ్, దాని మనసు ఇరుగుతది. అది చెప్పింది, నేనే ఇనలే’ అన్నడు.”

“నేను చెప్పలే చిచ్చా. రాసిన.”

“గదే నేను గూడ అన్న. ‘నాకు చదువుడు రాకపాయె గదరా’ అన్నడు.” చిచ్చా కాపీ వైపు చూపించాడు. “దుకాణం ఖాళీగున్న పొద్దు నేనే నేర్పిన. అ ఆ ల కెల్లి. యాభై దాటిన మనిషి, రెండేండ్లు పట్టింది. పొల్లను అడగరాదా భాయ్, టీచర్ గదా, మంచిగ నేర్పుతది అంటె, ‘నేను దిద్దుతాంటె సూస్తే దానికి చిట్టీ యాదికొస్తది’ అనెటోడు.”

“మరి... చదివిండా? ఆఖరికి?”

“ఎందుకు చదవడు? ఒకనాడు గీ కాయితం తీసి, ఏలు పెట్టుకోని, ఒక్కొక్క అచ్చరం కూడుకోని చదివిండు. అంత అయినంక ఏమన్నడో ఎర్కేనా? ‘పొల్ల దస్తూరి మస్తున్నదిరా’ అన్నడు.”

చిచ్చా లేచి, ఏదో పని ఉన్నట్టు బయటికి పోయాడు. నేను కాపీ తెరిచాను. మొదటి పేజీల్లో గీతలు దాటిన పెద్ద పెద్ద అక్షరాలు, లేని వేళ్లతో కలం పట్టినవాడి అక్షరాలు. తర్వాత మా ఇంట్లో వాళ్ల పేర్లు, లారీల నంబరు పలకల మీది మాటలు. సగం కాపీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే వాక్యం, వరుస కింద వరుస. నా “త్రిప్పవలెను” ఆయనకు నచ్చినట్టు లేదు. తన మాటలోకి మార్చుకున్నాడు: “ఫ్యూజు తీసినంకనే తిప్పాలె బాపూ.” చివరి మాట నా చిట్టీలో లేదు. నేను రాయలేదు. ఆయనే చేర్చుకున్నాడు.

ఖాళీ దుకాణంలో నిలబడి ఆ వాక్యాన్ని పైకి చదివాను. మామూలు గొంతుతోనే, బడిలో చదివినట్టు. చెప్పడానికి ఒక్క ఊపిరంత సేపు కూడా పట్టలేదు.

జానెడు కిటికీ అవతల, వంటింట్లోంచి అవ్వ వెంటనే పలికింది.

“ఏందే? ఏం ఫ్యూజు? ఎవ్వలకు చెప్తున్నవ్?”